ప్రగతి నివేదిక గారికి ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ ప్రగతి నివేదిక గారి సముఖమునకు,

మీ నియోజకవర్గంలోని ఒకానొక ఓటరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంత దళసరి ఆర్ట్ పేపరు మీద అచ్చయ్యారు గనుక మీ క్షేమం వేరే అడగక్కర్లేదు.

ఆదివారం పేపరు తీస్తుంటే మన ఎమ్మెల్యే గారి ఘనకార్యాల చిట్టా అయిన మీరు జారి ఒళ్లో పడ్డారు. పైన అధినాయకుల తలకాయలు గుండ్రంగా, హోదాను బట్టి చిన్నా పెద్దా. ఎవరి తల ఏ సైజులో ఉండాలో తేల్చడానికి పట్టిన కాలంలో మా మండలం మొత్తానికి డ్రైనేజీ ఎస్టిమేట్లు వేసేయొచ్చు. కింద మన ఎమ్మెల్యే గారు దండం పెడుతూ నిలువెత్తున ఉన్నారు.

రెండో పేజీ “ఎమ్మెల్యే గారి కృషితో మంజూరైన పనులు”. సీసీ రోడ్డు ఉంది. అది ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసింది. ఆ రోడ్డు వేసేనాటికి ఆ పథకంలో నూటికి 60 కూలికి పోతే 40 సామగ్రికి; ఆ సామగ్రి ఖర్చులో ముప్పావు కేంద్రానిది, పావు రాష్ట్రానిది. ఇంటింటి కుళాయి ఉంది. అది జల్ జీవన్ మిషన్, కేంద్రం సగం, రాష్ట్రం సగం. (నీళ్లు ఎవరి వాటాయో ఇంకా తేలలేదు, కుళాయి మాత్రం మెరుస్తోంది.) మురుగుకాలువ 15వ ఆర్థిక సంఘం పంచాయతీకి ఇచ్చిన డబ్బు. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ తప్ప వాడకూడదని ఢిల్లీలోనే ముడి వేసి పంపారు. కమ్యూనిటీ హాలు ఎంపీ నిధులది. 1993లో మన పీవీ గారి ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం అది. ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు, ఎంపీ సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. ఇన్ని జేబుల్లోంచి తీసిన డబ్బు మీ దగ్గరికొచ్చేసరికి ఒకే ఫొటో కింద చేరింది. సొమ్మొకడిది సోకొకడిది అని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

మీ పట్టికలో “మంజూరైన మొత్తం” అని ఒక గడి ఉంది. దాని పక్కన “చెల్లించిన మొత్తం” అని ఇంకో గడి ఉంటే బాగుండేది. మా వీధి రోడ్డు కిరాణా కొట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఆగిన చోట కంకరగుట్ట, దాని మీద పిల్లల జారుడుబండ. కాంట్రాక్టరును అడిగితే ఎం-బుక్కు (పని కొలతల పుస్తకం) రాశారు, బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో (సర్కారు బిల్లులు చెల్లించే కంప్యూటర్ వ్యవస్థలో) ఉంది అంటాడు. ఎప్పుడొస్తుందంటే చెయ్యి ఆకాశం వైపు చూపిస్తాడు. మీలో మాత్రం ఆ రోడ్డు పూర్తయిపోయింది. ఫొటో కూడా వేశారు. ఫొటోలో వెనక కనిపించే ఓవర్‌హెడ్ ట్యాంకు పక్క ఊరిది.

సరే, రోడ్ల సంగతి పోనివ్వండి. మూడో పేజీ “చారిత్రక చట్టాలు” దగ్గర మీ ధైర్యానికి జోహార్లు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ పేజీ శీర్షిక మారదు, అదొక్కటే స్థిరం. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టడం చారిత్రకం, 2024లో వైఎస్సార్ పేరు తీసి ఎన్టీఆర్ పేరు పెట్టడం ఇంకా చారిత్రకం. భూమి హక్కుల నమోదు కోసమన్న ల్యాండ్ టైట్లింగ్ చట్టం చేసినప్పుడూ రైతు కోసమే, 2024లో రద్దు చేసినప్పుడూ రైతు కోసమే. మూడు రాజధానుల చట్టం 2020లో చేసినవారే 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. శాసనమండలి సంగతి చెప్పనే అక్కర్లేదు: 1985లో పోయింది, 2007లో వచ్చింది, 2020లో పొమ్మన్నారు, 2021లో ఉండమన్నారు.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఇద్దరు పిల్లల నిబంధన. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. వార్డు మెంబరుకు మూడో బిడ్డ పుడితే అనర్హత. ఆ చట్టం చేసిన ఎమ్మెల్యేకు ఆరుగురున్నా అర్హతే! జనాభా తగ్గించే బాధ్యత మూడు దశాబ్దాల పాటు వార్డు మెంబర్లు మోశారన్నమాట. 2024 నవంబరులో దాన్ని ఎత్తేశారు. ఈసారి పిల్లల్ని కనండి అంటున్నారు. రెండు సందర్భాల్లోనూ శాసనసభ్యుల సంసారం జోలికి చట్టం పోలేదు.

ఇంతకూ “ఎమ్మెల్యే గారి కృషితో ఆమోదం పొందిన బిల్లులు” అని రాశారే, ఆ కృషి ఏమిటండీ? మంత్రిగారు బిల్లు పెడతారు. స్పీకరు గారు అనుకూలమైనవారు అవునండి అంటారు. 175 మంది సభలో ఆ పూట ఎందరుంటే అందరి గొంతూ కలిసి ఒక్కసారి లేస్తుంది. మూజువాణి ఓటు గనుక చెయ్యి ఎత్తే శ్రమ కూడా ఉండదు. పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) జారీ అయ్యాక కాదు అంటే 1985 ఫిరాయింపుల చట్టం కింద పదవికే ఎసరు. ఆ అవునులో మనవారి అవును ఏదో వారికైనా తెలుసునా అని నా అనుమానం.

కాబట్టి వచ్చే సంచికలో ఒక్క పట్టిక చేర్చండి. ఏ బిల్లు మీద మన ఎమ్మెల్యే గారు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, నియోజకవర్గం గురించి ఏ ప్రశ్న వేశారు, దానికి మంత్రి ఏం బదులిచ్చారు. చోటు సరిపోదనుకుంటే పైన గుండ్రాల్లో రెండు తగ్గించండి.

ఇట్లు,
కంకరగుట్ట వీధి ఓటరు

తా.క.: మీ ప్రతులు ఓ కట్ట మా సెంటర్లో బజ్జీల బండి అతనికి ఇవ్వబోయాను. వద్దన్నాడు. ఈ కాగితం నూనె పీల్చదట. వచ్చేసారి మామూలు న్యూస్‌ప్రింటు మీద వేయించండి, నియోజకవర్గంలో ఒక్క వ్యాపారికైనా లబ్ధి చేకూరుతుంది.