నాన్న అడిగిన ఈసీ

ఇంగ్లండ్‌లో మా తెలుగు సంఘం వాళ్ళ ఈ ఉగాది సభలో పచ్చడి పంచాక, పంచాంగ శ్రవణానికి ముందు, స్పాన్సర్లకు పది నిమిషాలు ఇచ్చారు. ఇళ్ళ కొనుగోలు కాగితాల పని చూసే లాయరు, ఒక కన్వేయన్సింగ్ సొలిసిటర్ గారిని వేదిక మీదికి పిలిచి, "మనవాళ్ళే, కళ్ళు మూసుకుని ఫైలు ఇచ్చేయొచ్చు" అని పరిచయం చేశారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. చంకలో పిల్లాడు. "మా ఫైలు మీ ఆఫీసులో ఎనిమిది నెలలుగా ఉందండీ. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఎవరిని అడగాలో చెప్పండి" అంది. ఆమె చేతిలోంచి మైకు తీసేసుకున్నారు. "పండగ పూట ఇవన్నీ ఎందుకమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ అమ్మాయి కాసేపు కూర్చుని, భోజనాలకు ఉండకుండా వెళ్ళిపోయింది.

నాకు ఆ రోజు పులిహోర గొంతు దిగలేదు. నిరుడు నేనూ ఆ అమ్మాయిలాగే ఫోన్లు చేస్తూ కూర్చున్నాను.

2025 మొదట్లో మేం రీడింగ్ ఊళ్ళో 4,60,000 పౌండ్లకు ఇల్లు మాట్లాడుకున్నాం. సొలిసిటర్ కోసం వాట్సాప్ గ్రూపులో అడిగితే అరగంటలో నలుగురు ఒకే పేరు చెప్పారు. మనవాళ్ళేనన్నారు, ఫీజు తక్కువన్నారు. మేం ఒక్క ప్రశ్న వేయలేదు. వాళ్ళు పంపిన ఫారంలో "మీకు వేరే ఇల్లు ఉందా?" అని ఉంది. మావారు లేదని టిక్ పెట్టారు. ఆయన ఉద్దేశం ఈ దేశంలో లేదని. ఫైలు చూసే కుర్రాడు రెండోసారి అడగలేదు. మొదటి ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీ 8,000 పౌండ్లు అని లెక్క వేసి పంపారు. మేమూ ఆ లెక్క ప్రకారమే డబ్బు సర్దుకున్నాం.

జ్యేష్ఠంలో మంచి ముహూర్తం ఉందని, గృహప్రవేశం చేయిద్దామని అత్తయ్య విజిటర్ వీసా మీద వచ్చారు. పాలు పొంగించడానికి కొత్త ఇత్తడి గిన్నె కూడా తెచ్చుకున్నారు. ఎక్స్ఛేంజ్, అంటే రెండు వైపులా ఒప్పందం ఖాయమయ్యే రోజు, ఇంకో వారం ఉందనగా, అప్పటివరకు ఎన్నడూ మాట్లాడని ఒక సీనియర్ ఫోన్ చేశారు. "మీ బ్యాంకు స్టేట్‌మెంట్లో నెల నెలా ఇండియాకి వెళ్తున్న ఈఎంఐ దేనికి?" అని అడిగారు. నిజాంపేటలో మావారి పేరు మీద ఉన్న ఫ్లాటుకి. అత్తయ్య ఉండేది అందులోనే.

అప్పుడు తెలిసింది. ప్రపంచంలో ఎక్కడ సొంత ఇల్లున్నా ఇక్కడ మొదటిసారి కొనేవాళ్ళకి ఇచ్చే రాయితీ రాదు. ఆ ఇంటి విలువ 40,000 పౌండ్లు దాటితే, కొత్త ఇంటి మొత్తం ధర మీద 5 శాతం అదనంగా కట్టాలి. భార్యాభర్తల్లో ఒకరి పేరున ఉన్నా ఇద్దరికీ ఉన్నట్టే లెక్క. మామూలు డ్యూటీ 13,000, అదనం 23,000, మొత్తం 36,000 పౌండ్లు. మేం దాచింది ఎనిమిది వేలు. ఆ రాత్రి అత్తయ్య, "నా ఇంటి వల్లే కదరా ఇదంతా" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి ఏం చెప్పాలో మాకు తెలియలేదు.

నాన్న తెనాలి నుంచి డబ్బు పంపుతానన్నారు. పొలం అమ్మగా బ్యాంకులో ఉన్న పద్దెనిమిది లక్షలు, చిట్టీ పాడితే వచ్చిన ఆరు లక్షలు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించమన్నారు సొలిసిటర్. మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం వాళ్ళు అడిగి తీరాలి. అమ్మకం దస్తావేజు, ఆర్నెల్ల స్టేట్‌మెంట్లు, "ఈ డబ్బు బహుమతి, ఇంటి మీద నాకు హక్కేమీ లేదు" అని నాన్న సంతకం పెట్టిన లెటర్, అన్నీ పంపాం. చిట్టీ డబ్బుకి మాత్రం కాగితం లేదు. మా వీధిలో పాతికేళ్ళుగా నడుస్తున్న చిట్టీ అది, రాసుకునేది ఒక నోటుబుక్కులో. వద్దన్నారు. "నాది దొంగ డబ్బా అమ్మా?" అని నాన్న ఒకటే మాట అన్నారు. పొలం డబ్బు పంపేటప్పుడు అక్కడి బ్యాంకు పది లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ ఆ రోజుకి చేతిలో లేనట్టే. మిగతాది మావారి కంపెనీ షేర్లు అమ్మి తెచ్చాం.

ఈలోగా ముహూర్తం దాటిపోయింది. తర్వాత గురు మూఢం, ఆ వెంటనే ఆషాఢం. అత్తయ్య ఇత్తడి గిన్నె మా దగ్గర వదిలేసి వెళ్ళిపోయారు. శ్రావణంలో ఆ గిన్నెలో పాలు పొంగుతుంటే వీడియో కాల్లో చూశారు.

ఇలాంటివి చెప్తే కొందరు, "తెలిసినవాళ్ళని చూసుకుని పోవడం మన ఇండియా అలవాటు, అందుకే ఈ తిప్పలు" అంటున్నారు. నేను ఒప్పుకోను. 1998లో నాన్న ఇంటి స్థలం కొన్నప్పుడు దస్తావేజు రాసినాయన మాకు వరసకి బాబాయి. అయినా నాన్న ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రికార్డు) తీయించారు, లింకు డాక్యుమెంట్లు ఇద్దరు ప్లీడర్లకు చూపించారు, నాలుగు వైపులా హద్దుల వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగొచ్చారు. మనవాడే కదా అని అమ్మ అంటే, "మనవాడు కాబట్టే ముందే అడగాలి, తర్వాత మొహమాటం అడ్డొస్తుంది" అన్నారు. మేం ఇక్కడికి తెచ్చుకున్నది ఆ మొహమాటం ఒక్కటే. నాన్న జాగ్రత్తని ఊళ్ళోనే వదిలేశాం.

మా ఇంటి విషయంలోనూ నాన్న ఫోన్లో మొదట అడిగింది, "ఈసీ తీశారా?" అనే. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో ఏడు పౌండ్లు కడితే ఎవరైనా టైటిల్ రిజిస్టర్ (ఇల్లు ఎవరిదో చెప్పే రికార్డు) చూడొచ్చని, ఆ టైటిల్‌కి ప్రభుత్వమే పూచీ అని చెప్పాను. ఒరిజినల్స్ ఎవరి దగ్గర ఉంటాయన్నారు. 2003 నుంచి ఇక్కడ ల్యాండ్ సర్టిఫికెట్లే ఇవ్వడం లేదంటే నమ్మడానికి చాలా సేపు పట్టింది. ఆఖరికి, "సరే, నువ్వు అడగాల్సినవి అడిగావా?" అన్నారు. నేను అడగలేదు.

అడగాల్సినవి పెద్ద రహస్యాలేమీ కావు. నా ఫైలు చూసేది ఎవరు, ఆయన సెలవు పెడితే ఎవరు? మాకు లోను ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే వాళ్ళు ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో, మీరున్నారా? లేకపోతే బ్యాంకు తరఫున ఇంకో సొలిసిటర్ వచ్చి ఖర్చు, జాప్యం రెండూ పెరుగుతాయి. సెర్చ్‌లు (ఇంటి గురించి కౌన్సిల్ వగైరాల దగ్గర చేయించే విచారణలు), బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చార్జీలు, లీజ్‌హోల్డ్ (నేల మనది కాకుండా కొన్నేళ్ళ లీజు మీద ఉండే ఇల్లు) అయితే అదనపు ఫీజు, అన్నీ కలిపి ఎంత? ఇళ్ళ పనికి ధరలు తమ వెబ్‌సైట్లో పెట్టాలని సొలిసిటర్ల రెగ్యులేషన్ అథారిటీ 2018లోనే నిబంధన తెచ్చింది, కాబట్టి ఇది అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఎస్టేట్ ఏజెంట్ సిఫార్సు చేస్తే ఆయనకి ఎంత ముడుతుందో అడగండి, చెప్పాలి. లీజ్‌హోల్డ్ ఫ్లాటైతే లీజు ఇంకా ఎన్నేళ్ళుందో మొదటి రోజే చూడండి, ఎనభై ఏళ్ళ దగ్గరికొచ్చిందంటే ఆగి ఆలోచించండి. డిపాజిట్ పంపే రోజు "మా అకౌంట్ మారింది" అని మెయిల్ వస్తే ఒక్క పౌండు కూడా పంపొద్దు. మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. ఇండియాలో ఇల్లుంటే వాళ్ళు అడిగే దాకా ఆగకుండా మీరే రాతపూర్వకంగా చెప్పండి. మేం చేయనిది అదే, మా తప్పు మాదే.

న్యాయంగా చెప్పాలంటే జాప్యమంతా సొలిసిటర్ల వల్లే కాదు. కౌన్సిల్ సెర్చ్‌లు ఆలస్యమవుతాయి, ఒకరి ఇల్లు అమ్ముడైతేనే ఇంకొకరు కొనగలిగే చైన్‌లో ఎవరో ఒకరు ఆగితే అందరూ ఆగుతారు. మూఢం అంటే ఏమిటో వివరించక్కర్లేని సొలిసిటర్ ఉంటే ఎంత నిశ్చింతో నాకూ తెలుసు. మా అత్తయ్యలాంటి వాళ్ళకి తెలుగులో ఒక్క మాట చెప్పగలిగేవాళ్ళు మనకి కావాలి. అలా శ్రద్ధగా పనిచేసేవాళ్ళు మనలో ఉన్నారు కూడా.

కానీ సంఘం వేదిక మీద "కళ్ళు మూసుకుని" అన్న మాట రాకూడదు. స్పాన్సర్ డబ్బుతో హాలు అద్దె కడుతున్నాం, కాదనను. ఆ డబ్బుకి బదులుగా మనం పది నిమిషాలు ఇవ్వొచ్చు. అంతేగానీ మన సభ్యురాలి నోరు మూయించకూడదు. ఆ అమ్మాయికి ఆ రోజు ఒక్కరు చెప్పి ఉండాల్సింది: ముందు ఆ ఆఫీసుకే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వమ్మా, ఎనిమిది వారాల్లో పరిష్కరించకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు వినే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఖర్చేమీ ఉండదు అని. హాల్లో మూడొందల మందిమి ఉన్నాం. నేనూ చెప్పలేదు, లేచి ఆమె వెనకాల వెళ్ళలేదు.

కార్యవర్గం వారికి నా విన్నపం. దసరా సభలో బతుకమ్మ ఆటకి ముందు అరగంట ఇవ్వండి. ఇళ్ళు కొన్నవాళ్ళం వచ్చి ఏం జరిగిందో చెప్తాం, స్పాన్సర్లు కూడా కూర్చుని సమాధానాలు చెప్పొచ్చు. నా ఫైలు మొత్తం తెస్తాను, మావారు టిక్ పెట్టిన ఆ ఫారంతో సహా. మొదట మాత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేసి రమ్మనండి, మైకు ఆమెకే ఇవ్వండి.