శ్రీ వాయిదా గారి దివ్య సముఖమునకు

శ్రీ వాయిదా గారికి,
తిలక్ మార్గ్, న్యూఢిల్లీ.

అయ్యా,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారాలు మా వకీలు గారి ఫోన్ల ద్వారా ఎప్పటికప్పుడు అందుతూనే ఉన్నాయి.

మమ్మల్ని మీరు గుర్తుపట్టకపోవచ్చు. మీ నీడన 80 వేలకు పైగా కేసులు చల్లగా పడుకుని ఉన్నాయి, మాది అందులో ఒకటి. రెండు వందల గజాల ప్లాటు. నాన్న చిట్టీ పాడుకుని కొన్నాడు. పక్క ప్లాటాయన ప్రహరీ ఆరడుగులు ఇటు జరిపి కట్టాడు. కింది కోర్టులో గెలిచాం. మూసీ ఒడ్డున హైకోర్టులోనూ గెలిచాం. ఆ రోజు అమ్మ పాయసం వండింది. గిన్నె కడిగి బోర్లించేలోపే ఢిల్లీ నుంచి నోటీసు. గెలిచినవాడు ఇంట్లో ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత. మేం రెండుసార్లు గెలిచాం కదా, ఇంట్లో ఏడుపు కూడా రెండు విడతలు.

ప్రహరీ గోడకూ దేశ అత్యున్నత న్యాయస్థానానికీ ఏమిటి చుట్టరికం అని నాన్న అడిగేవాడు. 136వ అధికరణం, అని వకీలు గారు చెప్పారు. ఏ కోర్టు తీర్పు మీదైనా సరే సుప్రీంకోర్టు ‘ప్రత్యేక అనుమతి’ ఇచ్చి అప్పీలు వినొచ్చట. రాజ్యాంగం రాసినవాళ్లు దాన్ని పెరటి గుమ్మంలా పెట్టారు, ఎప్పుడో ఘోరం జరిగితే తీయడానికి. ఇప్పుడు ఊరంతా ఆ గుమ్మంలోంచే లోపలికి పోతోంది. సోమవారం, శుక్రవారం జడ్జీలు కట్టలకొద్దీ ఆ ఫైళ్లే తిరగేయాలి. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన పెద్ద ప్రశ్న వస్తే 145వ అధికరణం ప్రకారం కనీసం అయిదుగురు కూర్చోవాలి. అయిదుగురు ఒక గదిలో కూర్చున్నారంటే ఇద్దరిద్దరు కూర్చునే బెంచీలు రెండున్నర మూతపడ్డట్టే. కాబట్టి పెద్ద ప్రశ్న మా గోడ కోసం ఆగుతుంది, మా గోడ పెద్ద ప్రశ్న కోసం ఆగుతుంది. రెండింటికీ మర్యాదగా కుర్చీ వేసేది తమరే. 1950లో ప్రధాన న్యాయమూర్తితో కలిపి ఎనిమిది మందితో మొదలై 2019 నాటికి 34 అయ్యారు. వాళ్లంతా 65 ఏళ్లకు రిటైరవుతారు. మీకా బెంగ లేదు.

నాన్న ఉన్నప్పుడు ఆన్‌లైన్ లేదు. పొద్దున్నే నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగి, స్టేషన్‌లోనే మొహం కడుక్కుని కోర్టుకు పోయాడు. అవతలి సీనియర్ గారు వేరే కోర్టులో వాదిస్తున్నారని ఆయన జూనియర్ లేచి చెప్పాడు. నాలుగు వారాలు. అంతే, వచ్చిన రైలే మళ్లీ ఎక్కాడు. సుప్రీంకోర్టు ఢిల్లీలోనే కాదు, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన మరో చోట కూడా కూర్చోవచ్చని 130వ అధికరణంలో ఉంది. ఆ ‘కూడా’ను పట్టుకుని 2009లో లా కమిషన్ 229వ నివేదికలో నాలుగు దిక్కులా బెంచీలు పెట్టమని రాసింది. నివేదిక భద్రంగా ఉంది. నాంపల్లి రైలూ నడుస్తోంది.

ఇప్పుడు నయం, మీ దర్శనం ఫోన్‌లోనే అవుతోంది. మొన్న శుక్రవారం మాది 53వ నంబరు. అమ్మ దీపం పెట్టి, పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. పదిన్నరకు డిస్‌ప్లే బోర్డు కదిలింది. 11, 12, 13. ఎవరో ‘పాసోవర్’ అన్నారు, అంటే కాసేపాగి పిలవమని; 19 పక్కకు తప్పుకుంది. భోజనాల వేళకు 37. అమ్మ పెరుగన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని క్రికెట్ స్కోరు అడిగినట్టు “ఎంతైందిరా?” అంటోంది. మూడున్నరకు 49. నాకు అరచేతులు చెమటపట్టాయి. 52 దగ్గర నాలుగైంది, జడ్జీలు లేచారు. సాయంత్రం వకీలు గారి మెసేజ్: నాట్ రీచ్డ్.

మా ఒక్క గోడేనా అంటే, కృష్ణా నదిదీ అదే గతి. 2004లో ఏర్పడ్డ బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ 2010 డిసెంబరు 30న నీళ్ల పంపకం చెప్పింది. 2011 సెప్టెంబరులో దాన్ని గెజిట్‌లో అచ్చువేయకుండా సుప్రీంకోర్టు ఆపింది. ఆపమని వెళ్లిన రాష్ట్రమే 2014లో రెండయింది. 2019లో హైకోర్టు కూడా రెండయింది. మీరు మాత్రం ముక్క కాకుండా ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలారు. ఉమ్మడి ఆస్తుల పంపకంలో మీ పేరు ఎందుకు లేదో ఇప్పటికి అర్థమైంది.

మీ మీద కుట్రలు జరిగిన మాట నాకూ తెలుసు. 2023 డిసెంబరులో వాయిదా కోరే లేఖల పద్ధతినే ఆపేశారు. రెండు నెలలు తిరిగాయో లేదో, 2024 ఫిబ్రవరిలో కొత్త నిబంధనల శాలువా కప్పి మిమ్మల్ని మళ్లీ పిలిచారు. ఆ ఏడాదే వేసవి సెలవుల పేరు ‘పాక్షిక పనిదినాలు’గా మారింది. మా ఆఫీసులో నేనూ ఆదివారానికి ఆ పేరు పెట్టి చూశాను, జీతం పెరగలేదు. ఆ అక్టోబరులోనే జడ్జీల లైబ్రరీలో న్యాయదేవత కొత్త విగ్రహానికి గంతలు విప్పేశారు, కత్తి తీసి రాజ్యాంగం చేతికిచ్చారు. కళ్లు తెరవగానే ఆవిడకు ముందు కనిపించింది మీరే అయుంటారు. కింది కోర్టుల్లో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ఒక పక్షానికి మూడు వాయిదాలు మించొద్దంది. మా వకీలు గారికి ఆ మాట చదివి వినిపించాను. ఆయన టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వారు.

తెలుగులో మీ పేరు కూడా అచ్చ తెలుగు కాదని ఈమధ్యే తెలిసింది. ఉర్దూలో ‘వాదా’ అంటే మాట ఇవ్వడం. ఆ మాటే మా నోట్లో నలిగి వాయిదా అయ్యిందట.

మా వంటింట్లో కిరాణా కొట్టు క్యాలెండరు ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, అమావాస్య నాడు కొట్టాల్సిన గుమ్మడికాయ, అన్నీ అమ్మ పెన్నుతో రాస్తుంది. కోర్టు తేదీ ఒక్కటే పెన్సిల్‌తో. కొత్త తేదీ చెప్పగానే నిన్న పాతది రబ్బరుతో చెరిపింది. ఆ గడిలో కాగితం పల్చబడి అవతలి నెల అంకె కనపడుతోంది.

ఇట్లు,
ఐటం నంబరు 53