రాణి ఈగను అగ్గిపెట్టెలో పెట్టి పంపేవారికి

మన దగ్గర తేనెటీగల పెంపకంలో శిక్షణ అంటే పెట్టె చేతికివ్వడం, ఫోటో దిగడం. ఆ పెట్టెలో రాణి ముసలిదైతే కొత్తదాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో, తెచ్చాక లోపలికి ఎలా పంపాలో చెప్పే నాథుడు లేడు. అందుకే రాణులు అమ్మేవాళ్లు ఆడింది ఆట అయింది. నా కడుపుమంట అంతా దాని మీదే.

పోయిన వేసవిలో పొదలకూరులోని మా తోటకు ఒక రాణి అగ్గిపెట్టెలో దిగింది. సూదితో పొడిచిన నాలుగు బెజ్జాలు, లోపల చక్కెర ముద్ద, తోడుగా ఒక్క ఈగ కూడా లేదు. ఎండకు చక్కెర కరిగి అట్టంతా జిగటగా ఉంది. రాణి రెక్కలు పాకంలో అతుక్కుపోయి, కాళ్లు ముడుచుకుని ఒక మూలకు పడి ఉంది. ఫోను చేస్తే అమ్మినాయన "సార్, నేను పంపినప్పుడు బతికే ఉంది" అన్నాడు. పంపేటప్పుడు బతికే ఉంటుంది స్వామీ, చేరేటప్పుడు బతికి ఉండాలనే కదా మేం డబ్బు కట్టింది!

రాణులను దూర ప్రాంతాలకు తపాలాలో పంపడం ఎలాగో లోకానికి 19వ శతాబ్దంలోనే తెలుసు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ బెంటన్ పేరుతో నేటికీ వాడుకలో ఉన్న పంజరం చూడండి. మూడంగుళాల చెక్కముక్కలో వరుసగా మూడు గుంటలు, ఒకదానిలోంచి మరొకదానిలోకి దారి, పైన సన్నటి జాలీ. ఒక గుంటలో తిండి, మిగతా రెండింటిలో రాణి, ఐదు నుంచి పది వరకు తోడు ఈగలు. ఆ తోడు ఈగలు అలంకారానికి కాదు, రాణి నోటికి మేత అందించేవి అవే. తిండి కూడా నీళ్లు కలిపిన చక్కెర కాదు. మెత్తటి చక్కెర పొడిని తేనెతో చపాతీ పిండికన్నా గట్టిగా పిసకాలి, వేడికి జారకూడదు. ఆ తేనె రోగం లేని పెట్టెలోదై ఉండాలి, లేకపోతే రాణితోపాటు తెగులునూ కొనుక్కున్నట్టే. ఇందులో మన ఊరి వడ్రంగి చేయలేనిది ఏముంది?

ఇక వేడి సంగతి. తేనెటీగలు పిల్లలున్న చోటును 34, 35 డిగ్రీల దగ్గర నిలుపుకుంటాయి. రాణి వయసులో ఉన్నప్పుడు కొద్ది రోజులు బయటికెగిరి పోతుటీగలతో కలుస్తుంది, ఆ వీర్యాన్ని పొట్టలోని సంచిలో దాచుకుని బతికినన్నాళ్లూ వాడుకుంటుంది. వేడి 38 డిగ్రీలు దాటి అలాగే ఉంటే ఆ వీర్యం దెబ్బతింటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే నెల్లూరు ఎండలో, మధ్యాహ్నం బస్సు డిక్కీలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? ఇంకా ఘోరం ఏమిటంటే, అలా ఉడికిన రాణి చావకపోవచ్చు. చలాకీగా నడుస్తుంది, గుడ్లూ పెడుతుంది. కానీ వీర్యం అందని గుడ్ల నుంచి పోతుటీగలే పుడతాయి కాబట్టి, కొన్నాళ్లకు చూస్తే కూలి ఈగలు తగ్గి పోతుటీగలు పెరుగుతుంటాయి. అప్పుడు అమ్మినవాణ్ణి అడిగితే "మీ పెట్టెలోనే ఏదో లోపం" అంటాడు.

కొన్నవాళ్లనూ వదలను. కనిగిరి వైపు నుంచి ఒకాయన ఫోను చేసి, పాత రాణి ఉండగానే కొత్తదాన్ని చేత్తో పట్టుకుని వదిలేశానన్నాడు. పెట్టెలోని ఈగలకు తమ రాణి వాసన తప్ప వేరే రాణి పొడ గిట్టదు. చుట్టూ ముద్దగా మూగి, ఊపిరాడకుండా చేసి, ఆ వేడికే చంపేస్తాయి. ముందు పాత రాణిని తీసెయ్యాలి. వేరే రాణిని పెంచుకోవడానికి ఈగలు సొంతంగా కట్టుకున్న రాణి గదులుంటే వెతికి తుంచాలి, ఒక్కటి మిగిలినా కొత్త రాణికి గండమే. తరువాత పంజరాన్ని పిల్లలున్న రెండు చట్రాల మధ్య, జాలీ మూసుకుపోకుండా వేలాడదీయాలి. తిండి ఉన్న వైపు కాస్త పైకి ఉంచాలి, లోపల తోడు ఈగలు చచ్చినా దారికి అడ్డం పడవు. ఆ వైపు పంజరం రంధ్రానికున్న బిరడా తీస్తే రెండు మూడు రోజుల్లో ఈగలే చక్కెర ముద్దను తొలిచి రాణిని బయటికి రానిస్తాయి. ఈలోగా రాణి వాసన పెట్టెంతా పాకుతుంది. ఆ ముద్ద తిండే కాదు, గడువు కూడా. మనవాళ్లకు అదే సహించదు, మర్నాడే మూత ఎత్తి చూస్తారు!

తొందర అణుచుకోలేనివాళ్లు కనీసం జాలీ మీద గడ్డిపోచతో సుతారంగా కదిపి చూడండి. ఈగలు వదులుగా పక్కకు జరిగితే సరే. జాలీని పట్టుకుని కొరుకుతూ కదలకపోతే బిరడా మళ్లీ బిగించండి.

అన్నట్టు, అమ్మేవాళ్లలో చాలామంది మీ దగ్గరున్న జాతి మన సెరానా ఈగో, ఇటలీ మెల్లిఫెరానో కూడా అడగరు. ఒకదాని రాణి మరొకదాని పెట్టెలో అతకదు. "ఈ ఏడు పుట్టిన రాణి" అని ధర పెంచినవాళ్లను వీపు మీద రంగు చుక్క ఏదని అడగండి. 2025కు నీలం, 2026కు తెలుపు, ఇది ప్రపంచమంతా పాటించే పద్ధతి. చుక్క లేని రాణి వయసుకు ఎవరు పూచీ?

ఈ నిమ్మపూతకు నేను మళ్లీ రాణులు కొంటాను. చెక్క పంజరం, తోడు ఈగలు, వీపున చుక్క, రాత్రి బస్సు. ఈ నాలుగింటికీ సరేనన్నవారికే బయానా ఇస్తాను. పార్సిల్‌లో అగ్గిపెట్టె కనబడితే సంతకం పెట్టకుండా అదే బస్సుకు తిప్పి పంపుతాను. ఉదయగిరి, దర్శి, మార్కాపురం వైపు పెంపకందారులు ఎవరైనా కలిసి తెప్పించుకుందామంటే కింద రాయండి. పంజరాలు నేనే చేయించి పంపుతాను, రాణులను వాటిలో పెట్టి ఇస్తే చాలు.