మంగళవారం రాత్రి తమరెక్కడుంటారు?

మహారాజశ్రీ ఫ్రెంచి భోజనం గారికి,

పారిస్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

2010లో యునెస్కో తమరిని వారసత్వ జాబితాకెక్కించింది. ముందు ఆకలి పుట్టించే మందు అపెరితిఫ్, చివర అరగడానికని తాగే మందు డైజెస్టిఫ్, మధ్యలో తక్కువలో తక్కువ నాలుగు వడ్డనలు: స్టార్టరు, కూరగాయలతో చేపో మాంసమో, చీజు, డెజర్టు. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ కొలువుదీరే భోజనమని అందులోనే రాసుంది, కాదనను. కానీ మా ఆఫీసులో మీవాళ్ళ మాటలు వింటే తమరు రోజూ సాయంత్రం ఇంటింటికీ వేంచేస్తున్నట్టే ఉంటుంది. వైన్‌లో గొడ్డుమాంసం ఎన్ని గంటలు మగ్గాలో మధ్యాహ్నమంతా వాదించుకుంటారు. వాదిస్తూ నమిలేది బేకరీలో కొన్న సాండ్‌విచ్.

మరి మంగళవారం రాత్రి? ఎనిమిదవుతుంది. కోకియెత్ అనే బుల్లి మాకరోనీని మరుగునీళ్ళలో పోస్తారు. వార్చి, ఇంత వెన్న పడేసి, హామ్ ముక్కల్ని చేత్తోనే తుంచి, ప్యాకెట్లో తురిమిపెట్టిన చీజు చల్లుతారు. పిల్లలకని చెప్పి చేస్తారు, గిన్నెలో మిగిలింది అమ్మానాన్నలు నిలబడే ఊడ్చేస్తారు. తర్వాత ఫ్రిజ్ తీసి, అతుక్కుని ఉన్న పెరుగు కప్పుల్లోంచి ఒకటి టప్పున విరిచి చేతిలో పెడతారు. చీజు వడ్డన అదే, డెజర్టూ అదే. పెరుగుతో ముగించడంలో మాత్రం తమరూ మావాళ్ళే, అన్నం ఒక్కటే తక్కువ.

తమరు రాకపోయినా తమ రూల్సు మాత్రం వేళకి హాజరు. సలాడ్ ఆకుని కత్తితో కోయకూడదట, ఫోర్కుతో మడతపెట్టి నోట్లో కుక్కుకోవాలి. ముక్కోణంగా ఉండే బ్రీ చీజు ముక్క మొన కోసుకున్నవాడిని దొంగని చూసినట్టు చూస్తారు, మొత్తం ముక్కలో రుచంతా అక్కడే ఉంటుందని.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా కింది ఇంటావిడ సలాడ్‌లో కలపడానికి చేసే వినెగ్రెట్ ముందు ఏ హోటలూ పనికిరాదు. అయిపోవచ్చిన ఆవముద్ద సీసా తీసుకుని, అడుగున అంటుకున్న దాన్ని గీకకుండానే అందులోనే వెనిగరు, దానికి మూడింతలు నూనె, ఉప్పు వేసి, మూత బిగించి గిలకొడుతుంది. సీసా కడిగిన పనీ అయిపోతుంది! 2022 వేసవిలో ఆ ఆవముద్దే షాపుల్లో మాయమైంది. దిజోన్ అనే ఫ్రెంచి ఊరి పేరు పెట్టుకున్న ఆ సరుక్కి గింజలు ఎక్కువగా కెనడా నుంచి రావాలట, అంతకుముందు ఏడాది అక్కడ ఎండలకి పంట పోయింది. మనిషికి ఒక్క సీసానే అని బోర్డులు పెట్టారు. పారిస్ అంతా టెన్షన్ పడుతుంటే, అదే జాతి ఆవాలు నా పోపులడబ్బాలో నిక్షేపంగా ఉన్నాయి. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంట్లో దొరకరు కదా అని హోటళ్ళలో వెతికాను. ఇంటివంటకి 2014లో ప్రభుత్వమే ఒక గుర్తు తయారుచేసింది, గిన్నె మీద మూతకి బదులు ఇంటికప్పు. అక్కడికక్కడ వండితేనే ఆ బొమ్మ వేసుకోవాలి. సంతోషించేలోపే తెలిసింది, పచ్చి కూరగాయలు ఎవరో తొక్కతీసి తరిగి గడ్డకట్టించి పంపినా చెల్లుతుందని. ఫ్యాక్టరీలో తొక్క తీస్తే ఏం, కప్పు మనదే.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో మాకు భోజనాలు. కోడి సంతలో ఊచకి గుచ్చి తిప్పేవాడి దగ్గర్నుంచి వస్తుంది, దాని కింద కారిన కొవ్వులో మగ్గిన బంగాళాదుంపలతో సహా. టార్టు పటిస్సరీ అనే మిఠాయికొట్టు నుంచి, రొట్టె బేకరీ నుంచి. ఇంటావిడకి వంటింట్లో పనల్లా ప్లేట్లు తీయడమే, అయినా "అబ్బే, ఏముంది, సింపుల్‌గా కానిచ్చేశాను" అంటుంది. నాలుగు వడ్డనలూ ఉంటాయి కాబట్టి తమరు వచ్చి తీరాలి. రాకపోతే అందరూ చూస్తుండగా బ్రీ మొన నేనే కోసుకుంటాను.

ఇట్లు,
తమ దర్శనాభిలాషి