ఫైలు నడక మారదా?

ప్రభుత్వ శాఖల్లో ఎవరిని కదిలించినా ఇప్పుడు ‘ప్రక్రియల పునర్వ్యవస్థీకరణ’ మాటే. అంటే పని జరిగే తీరునే మొదటి నుంచి మార్చేయడం. సలహా సంస్థలకు చెల్లింపులు, సమీక్షల్లో స్లైడ్లు, ఆనక ఓ యాప్. దరఖాస్తుదారుడు మాత్రం అవే కాగితాలు పట్టుకుని అదే బల్ల ముందు నిలబడుతున్నాడు.

ఆదాయ ధ్రువపత్రం సంగతే చూడండి. మీసేవ కేంద్రంలో ఆపరేటర్ పత్రాలన్నీ స్కాన్ చేసి రసీదు ఇస్తాడు. ఆ వెంటనే ‘ఓ జిరాక్స్ సెట్టు ఆఫీసులో ఇచ్చి రండి’ అంటాడు. స్కాన్ చేసినవి అక్కడి తెర మీద కనిపిస్తుండగా జిరాక్సులెందుకు? విచారణ నివేదిక కాగితం మీదే రాయాలట! ఆన్‌లైన్ అయింది రసీదు ఒక్కటే.

2011లో మీసేవ మొదలైనప్పుడు ఒక మంచి పని జరిగింది. డిజిటల్ సంతకంతో ముందే సిద్ధంగా ఉంచిన అడంగల్ వంటి రికార్డులను కౌంటర్లోనే పావుగంటలో ఇచ్చేలా ఏర్పాటు చేశారు. అధికారి సంతకం కోసం ఆగే మజిలీనే ఎత్తేశారు. మిగతా సేవలకు ఆ ధైర్యం చాలలేదు.

అమెరికా నిర్వహణ నిపుణుడు మైకేల్ హామర్ 1990లోనే ఈ సంగతి విప్పి చెప్పాడు: పాత పనిని కంప్యూటర్లోకి ఎక్కించడం కాదు, అక్కర్లేని పనినే తీసేయాలి. ఉత్తర అమెరికాలో ఫోర్డ్ కార్ల కంపెనీ బిల్లుల చెల్లింపు విభాగంలో 500 మందికి పైగా ఉంటే, జపాన్ కార్ల కంపెనీ మాజ్డాలో ఆ పని చేసేవారు ఐదుగురే. ఆర్డరు, సరుకు రసీదు, ఇన్‌వాయిస్ (సరుకు పంపినవారి బిల్లు) సరిపోల్చుకోవడంతోనే ఫోర్డ్ సిబ్బందికి తెల్లారేది. కంపెనీ ఇన్‌వాయిస్‌నే తీసేసింది. సరుకు దించేచోట గుమాస్తా కంప్యూటర్లో ఆర్డరు చూస్తాడు. సరిపోతే దించుకుంటాడు, లేదంటే తిప్పి పంపేస్తాడు. విభాగంలో సిబ్బంది నాలుగింట మూడొంతులు తగ్గారు. (పునర్వ్యవస్థీకరణ పేరు చెప్పి ఉద్యోగాలు ఊడబెరికిన కంపెనీలూ ఉన్నాయి, ఆ కథ వేరు.)

అక్రమాలు ఆగాలంటే అంచెలంచెల తనిఖీ ఉండాలన్నది అధికారుల వాదన. ఉండాల్సిందే. ఒకే పత్రాన్ని ముగ్గురు చూసి, తప్పు దొర్లాక ముగ్గురూ పక్కవాడిని చూపించే ఏర్పాటును తనిఖీ అంటారా? పత్రాల నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం అక్కర్లేదు, స్వీయ ధ్రువీకరణ చాలని 2014లో కేంద్రం చెప్పింది. ఆ సంతకం గడిని నేటికీ వదలని ఫారాలున్నాయి. సంస్కరణ చేశామని చాటుకునే నోరే, పాత సంతకం ఏదని అడుగుతోంది.

తదుపరి సమీక్షకు ముందు మంత్రులు, కార్యదర్శులు ఒక్క దరఖాస్తు వెంట సొంత శాఖలోనే నడిచి చూడాలి. ఎన్ని బల్లల దగ్గర ఆగిందో లెక్కపెట్టాలి. అందులో ఒక్క బల్లనైనా తీసేయించలేని వారు సంస్కరణ అనే మాట పలకడానికి సిగ్గుపడాలి.