సవరణ: రంగు కాగితం గురించి నేను రాసింది తప్పు

చదవడంలో ఇబ్బంది పడే పిల్లల గురించి పోయిన వారం రాస్తూ, డిస్లెక్సియా ఉన్నవారికి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని, పేజీ మీద కింది అక్షరాలు కనబడే పలుచటి రంగు కాగితం పరిస్తే చదువు సాగుతుందని చెప్పాను. రెండు మాటలూ తప్పే. సరిచూసుకోకుండా రాశాను, పొరపాటు నాదే.

డిస్లెక్సియా కంటి సమస్య కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జత చేసుకోవడంలో ఎదురయ్యే ఇబ్బంది. అమెరికాలో పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో కలిసి ఇచ్చిన ప్రకటన కూడా కంటిచూపు దీనికి కారణం కాదని, రంగు అద్దాలతో, ఇలాంటి రంగు పొరలతో ఫలితం ఉంటుందనడానికి తగిన ఆధారం లేదని చెప్పింది. అక్షరాలు తిప్పి రాయడం బడిలో కొత్తగా చేరిన పిల్లలు చాలామంది చేసేదే.

నేను సాయంత్రాలు చదివించే పాప ‘మర్రి’ని ‘మరి’ అని చదువుతుంది. ఒత్తు కనబడక కాదు, వేలు పెట్టి చూపిస్తుంది కూడా. ఆ ఒత్తు పలికే ధ్వనే ఆమెకు అందదు. అందుకే మాటను నెమ్మదిగా పలికిస్తూ, ఒక్కో ధ్వనికి ఒక్కో చింతగింజ జరిపిస్తున్నాను.

పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు ఉంటారని రాసింది మాత్రం సరైనదే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో అవి ఉన్నాయి. ఇలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి తగినట్టు బోధించాల్సిన బాధ్యత విద్యాసంస్థలదేనని 16వ సెక్షన్ చెబుతోంది. బడిని గట్టిగా అడగండి.

ఆ రంగు కాగితాలు కొన్నామని ఇద్దరు తల్లులు రాశారు. వారికి విడిగా చెప్పాను. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.