పచ్చబడిన చెరువు నీళ్ళ గురించి తిరగతన్న ఆ మెసేజ్ నమ్మొద్దు

ఎండలు ముదిరిన కాడ్నించి మన నెల్లూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరగతా ఉంది, రైతుల గ్రూపుల్లో, పాల కేంద్రం గ్రూపుల్లో, ఆఖరికి స్కూల్ పేరెంట్స్ గ్రూపుల్లో కూడా. అందులో చెప్పేదేందంటే, చెరువు నీళ్ళు చిక్కగా పచ్చబడితే భయపడొద్దంట, అది బలానికి తినే స్పిరులినా జాతి నాచంట, పొలంలో చల్లే జీవన ఎరువు కూడా అదేనంట, గొడ్లు తాగితే పాలు పెరుగుతాయంట. మనుషులకి అనుమానం ఉంటే గుడ్డలో వడగట్టి కాచుకుంటే చాలంట. వద్దనుకుంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మూట కట్టి నీళ్ళలో ఈడిస్తే రెండు రోజుల్లో క్లీన్ అంట. తేలిన చేపలు ఎండకి చచ్చినవే, తినొచ్చంట. అన్నిటికంటే ఘోరం చివర్లో ఉంది, ఇదంతా గూడబాతులు, కొంగల రెట్టల వల్లే కాబట్టి చెట్ల మీద గూళ్ళు తీసేసి టపాసులు పేల్చి తోలేయాలంట.

ఫార్వర్డ్ చేస్తున్నోళ్ళలో ఎక్కువ మంది మంచి ఉద్దేశంతోనే చేస్తున్నారు, నాకు తెలుసు, వాళ్ళ మీద కోపం లేదు. కానీ ఇందులో మాట నమ్మి చేస్తే గొడ్లు పోతాయి, పక్షులు పోతాయి, చెరువు మాత్రం అట్లనే పచ్చగా ఉంటది. అందుకే ఒక్కొక్కటి విడదీసి రాస్తన్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ స్పిరులినా మాట. స్పిరులినా కూడా నీలి ఆకుపచ్చ నాచు కుటుంబమే, నిజమే. పొలంలో వేసే నాచు కూడా అదే కుటుంబం, వరి మళ్ళలో ఎకరాకి 4 కిలోల చొప్పున చల్లమని వ్యవసాయ శాఖ వాళ్ళే చెప్తారు, గాలిలో నత్రజని పట్టి పైరుకి ఇస్తది, అందులోనూ అబద్ధం లేదు. కానీ కుటుంబం ఒకటైతే గుణం ఒకటి కావాలని యాడుంది? పేరుకి నాచు అంటాం గానీ ఇవి నిజానికి బ్యాక్టీరియా, వీటిలో వందల రకాలు. స్పిరులినాని శుభ్రమైన తొట్లలో, క్షారం ఎక్కువున్న నీళ్ళలో, వేరే రకం కలవకుండా చూసుకుంటూ పెంచుతారు. ఎండాకాలం చెరువుల్లో చిక్కగా తెట్టు కట్టేది చాలాసార్లు మైక్రోసిస్టిస్ అనే రకం. దీంట్లో మైక్రోసిస్టిన్ అనే విషం ఉండొచ్చు, అది నేరుగా కాలేయం మీద కొడతది. కొన్ని రకాలు నరాల మీద పనిచేసే విషం కూడా తయారుచేస్తాయి, అది లోపలికి పోతే గొడ్డు వణికి, తూలి, కొన్నిసార్లు గంటలోపే పడిపోద్ది. తెట్టు కట్టిన ప్రతిసారీ విషం ఉంటదని కాదు, ఒకే రకంలోనే విషం చేసేవీ చెయ్యనివీ రెండూ ఉంటాయి, కానీ కళ్ళతో చూసి ఇది ఆ రకమా ఈ రకమా అని మనిషన్నవాడు ఎవడూ చెప్పలేడు, ల్యాబ్‌లో చూడాల్సిందే. గొడ్లు తాగి చావడం కొత్త సంగతి కూడా కాదు, ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రీనా సరస్సు నీళ్ళు తాగి గొర్రెలు, గొడ్లు, గుర్రాలు చచ్చాయని జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 1878లోనే రాశాడు. పాలు పెరుగుతాయన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్మి ఒక్క గేదెని పోగొట్టుకున్న ఇంటికి ఆ నష్టం ఎవరు కడతారు?

కాచుకుంటే చాలు అన్నది మరీ డేంజర్. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, విషం చావదు. మైక్రోసిస్టిన్ మరిగే వేడికి విరగదు, పైగా నాచు కణాలు పగిలి లోపలున్నది నీళ్ళలోకి వచ్చేస్తది, నీళ్ళు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుద్ది. 2014 ఆగస్టులో అమెరికాలో ఏరీ సరస్సు ఒడ్డున టొలీడో ఊళ్ళో కుళాయి నీళ్ళలోకే ఈ విషం వచ్చింది, 4 లక్షల మందికి పైగా జనానికి కుళాయి నీళ్ళు తాగొద్దు, కాచుకుని కూడా తాగొద్దు అని అధికారులు స్పష్టంగా చెప్పారు. అంత పెద్ద ట్రీట్‌మెంట్ ప్లాంట్ ఉన్న ఊరికే అట్లాంటి పరిస్థితి వస్తే మన గుడ్డ వడపోత ఏం చేస్తది? ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో ఈ విషానికి పెట్టిన హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు.

ఇంక మైలుతుత్తం. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇది చేసేదానికి సులభం, ఎరువుల షాపులో దొరుకుద్ది, పైగా మర్నాటికి నీళ్ళు తేటగా కనపడతాయి కాబట్టి పనిచేసిందనే అనిపిస్తది. పచ్చదనం చస్తది, అది నిజం. కానీ చచ్చేటప్పుడు ఆ కణాలన్నీ ఒకేసారి పగిలి, అప్పటిదాకా లోపల దాచుకున్న విషమంతా నీళ్ళలో కలిసిపోద్ది. చూసేదానికి తేటగా ఉన్న నీళ్ళు ముందటికంటే ప్రమాదం అయిపోతాయి. ఆస్ట్రేలియాలో పామ్ ఐలాండ్‌లో 1979లో సరిగ్గా ఇదే జరిగింది, నాచు పట్టిందని తాగునీటి డ్యామ్‌లో మైలుతుత్తం వేశారు, తర్వాత కొద్ది రోజులకే 140 మంది దాకా కాలేయం, పేగులు దెబ్బతిని జబ్బు పడ్డారు, దాదాపు అందరూ పిల్లలే.

మనకి ఇంకో సంగతి కూడా ఉంది. మనది నెల్లూరు గొర్రె పుట్టిన గడ్డ. రాగి విషానికి అన్ని పశువుల్లోకీ త్వరగా దెబ్బతినేది గొర్రె. మైలుతుత్తంలో ఉండేది రాగే కదా. గొర్రె కాలేయంలో రాగి కొంచెం కొంచెంగా పోగవుతా ఉంటది, బయటికి ఏం తెలీదు, ఒకరోజు ఉన్నట్టుండి ఎర్రగా మూత్రం పోసి, కళ్ళు పచ్చబడి పడిపోద్ది. అప్పుడు మన గొర్రెలోళ్ళు ఏదో రోగం తగిలిందనుకుంటారు గానీ చెరువులో పోసిన తుత్తం సంగతి ఎవరికి గుర్తుంటది? ఆ రాగి విరిగిపోయే వస్తువు కాదు, అడుగు బురదలో చేరి ఏళ్ళ తరబడి ఉంటది, నత్తల్నీ చేపపిల్లల్నీ దెబ్బకొడతది. నత్తలు పోతే నత్తగుల్ల కొంగ ఏం తినాల?

చేపల సంగతి ఆక్వా రైతుకి చెప్పక్కర్లేదు. రొయ్యల గుంట పెట్టిన ఎవరినైనా అడగండి, తెల్లవారుజామున నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో చెప్తారు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటది, తెల్లారేసరికి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే ఇంకా ఘోరం. కాబట్టి పొద్దున తేలిన చేపలు ఎండకి చచ్చినవి కావు, ఊపిరాడక చచ్చినవి. వాటిని ఏరి ఎండబెట్టి అమ్మేది దయచేసి మానండి, ఈ నాచు విషం చేప కాలేయంలో, పేగుల్లో చేరుద్ది, ఎండబెడితే పోదు. అట్లని ఒడ్డునే వదిలేసినా తప్పే. కుళ్ళే కళేబరాల్లో బొటులిజం అనే జబ్బు తెచ్చే ఇంకో విషం పుడతది, వాటికి పట్టిన పురుగుల్ని పక్షులు తింటే పక్షులు చస్తాయి, చచ్చిన పక్షికి మళ్ళీ పురుగు, ఆ పురుగుని తిన్న ఇంకో పక్షి, ఇట్లా పోతా ఉంటది. 2019 నవంబర్‌లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో వేల పక్షులు బొటులిజంతోనే రాలిపోయాయి. చేతికి గ్లౌజులేసుకుని ఏరి, చెరువుకి దూరంగా గుంట తీసి పూడ్చేయాలి.

ఇప్పుడు అసలు విషయం, పక్షుల మీద వేసిన నింద. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

రెట్టలో భాస్వరం, నత్రజని ఉంటాయి, కాదనను. పక్షులొచ్చే నేలపట్టు ఊరోళ్ళకి ఈ సంగతి ఎవరికంటే బాగా తెలుసు. నీళ్ళలో పెరిగే కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టి, కింద నీళ్ళలో రెట్ట పడితే ఆ నీళ్ళు పొలానికి బలం అని అక్కడి రైతులు పక్షుల్ని తరతరాలుగా కాపాడుకున్నారు, 1976లో అది శాంక్చురీ కాకముందు నించే. అంటే రెట్టలో ఉన్న సత్తువని మనోళ్ళు వాడుకోవడం నేర్చుకున్నారు, దాన్ని చూసి గూళ్ళు పీకలేదు. పైగా చెరువులో చేప తిన్న పక్షి అదే చెరువులో రెట్ట వేస్తే కొత్తగా కలిసింది ఏముంది, అక్కడిది అక్కడే తిరిగింది. బయటి నించి వచ్చి పడేదాన్ని లెక్క చూడాలి.

ఆ లెక్క చూద్దాం. 50 కిలోల డీఏపీ బస్తాలో అచ్చంగా భాస్వరం 10 కిలోల దాకా ఉంటది. ఒక్క కిలో భాస్వరం నీళ్ళలో చేరితే 500 కిలోల దాకా పచ్చి నాచు పెరగగలదు. బస్తా అంతా కాలవలోకి రాదు, కానీ వాన ముందు చల్లి, మడవ తెగి, నీళ్ళు బయటికి పోయినప్పుడు ఎంతో కొంత కాలవ పట్టి కింది చెరువులో చేరుద్ది. ఎడగారు పంటకి ఒకసారి, పెద్ద పైరుకి ఒకసారి, ఏటేటా ఇదే. దాంతో పాటు ఊరి మురుగు, సబ్బు నీళ్ళు, రొయ్యల గుంటల నించి వదిలే నీళ్ళు, చేపలకి మేతగా కొందరు పడేసే కోళ్ళ ఎరువు, చికెన్ వేస్ట్. వీటన్నిటినీ వదిలేసి రెక్కలున్న వాటి మీద పడ్డం ఏం న్యాయం?

భాస్వరమే మూలం అనేది ఊహ కాదు. కెనడాలో 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త వాళ్ళ బృందం ఒక చిన్న సరస్సు నడుమకి అడ్డంగా పరదా కట్టారు, ఒక పక్క కార్బన్, నత్రజని మాత్రమే వేశారు, ఇంకో పక్క వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన పక్క చిక్కటి పచ్చగా మారింది, రెండో పక్క మామూలుగా ఉంది. ఒకే సరస్సు, ఒకే ఎండ, ఒకే వాన.

ఈ నాచుకి పక్షులు కారణం కాదు సరికదా, ముందు చచ్చేది అవే. కెన్యాలో బొగోరియా, నకూరు సరస్సుల్లో ఫ్లెమింగోలు మూకుమ్మడిగా చచ్చినప్పుడు వాటి ఒంట్లో ఈ విషాలు దొరికాయి, నాచుని తినే జాతి పక్షులే అవి. 2020లో బోట్స్వానాలో 300కి పైగా ఏనుగులు చచ్చిపోతే, నీటి గుంటల్లో ఈ నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఏనుగంత జంతువే ఆగలేదు, మన చెరువు మీద ఆధారపడ్డ గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, కట్ట కింద నక్క ఎంత? పైగా గూళ్ళు పీకడం, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, మెసేజ్ పంపినోళ్ళు వచ్చి కేసు నించి కాపాడరు.

మరి ఏం చెయ్యాల అంటారా. ముందు మీ చెరువులో ఉన్నది ఏందో ఒక మోస్తరుగా తెలుసుకోండి. చేతికి కవర్ తొడుక్కుని ఒక పొడుగు కర్రతో పైన ఉన్నదాన్ని లేపండి. దారాల్లాగా, జుట్టులాగా కర్రకి వేలాడితే అది మామూలు పీచు నాచు. వేలాడకుండా పెయింట్ డబ్బా ఒలకబోసినట్టు కర్రకి పూతలాగా అంటితే అనుమానించాల్సిందే. ఇంకోటి, గాజు సీసాలో ముప్పాతిక వరకు ఆ నీళ్ళు పట్టి కదపకుండా ఒక రాత్రి పెట్టండి, పచ్చదనం అడుక్కి దిగితే భయం తక్కువ, పైకి తేలి వలయం కడితే నీలి ఆకుపచ్చ రకం అయ్యుండొచ్చు, దీనికి గాలి బుడగలుంటాయి కాబట్టి పైకి తేలుద్ది. ఇది ఖాయమైన పరీక్ష కాదు, జాగ్రత్తపడేదానికి మాత్రం చాలు. కట్ట రాళ్ళ మీద ఆరిపోయి లేత నీలంగా పెచ్చు కట్టిన దాన్ని కూడా కుక్కల్ని నాకనీయొద్దు.

మన నేల వాలు తూర్పుకి కాబట్టి మన చెరువుల కట్టలు ఎక్కువగా తూర్పునే ఉంటాయి. ఎండాకాలం పడమటి గాలి తోలితే చెరువంతా ఉన్న తెట్టు వచ్చి కట్ట పక్కనే, మెట్ల దగ్గర, గొడ్లు దిగే రేవులోనే పోగవుద్ది. నడుమ నీళ్ళు బాగానే ఉన్నట్టుంటాయి, మన గొడ్డు తాగే చోట మాత్రం విషం చిక్కబడి ఉంటది. అందుకే తెట్టు ఉన్నన్నాళ్ళు రేవుకి ముళ్ళకంప అడ్డం పెట్టి, పంచాయతీ బోరు నించి తొట్టి నింపితే సగం ప్రమాదం తప్పుద్ది. తాగేసిన గొడ్డుకి వెంటనే ఒంటి మీద తెట్టు మంచినీళ్ళతో కడిగి, పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయండి, దీనికి విరుగుడు మందు లేదు కాబట్టి ఆలస్యం చేస్తే డాక్టర్ చేతిలో కూడా ఏం ఉండదు.

చెరువు బాగుపడాలంటే వచ్చే కాలవ దగ్గర పని. కాలవ చెరువులో కలిసే చోట జమ్ము, తుంగ ఉంటే తగలబెట్టొద్దు, వచ్చే నీళ్ళలో బురదని, దాంతో పాటు భాస్వరాన్ని పట్టేది అవే, పక్షులు గుడ్లు పెట్టేదీ అక్కడే. చేపల వేలం పాటలో కోళ్ళ ఎరువు, చికెన్ వేస్ట్ వేయకూడదని షరతు రాయించండి. ఎరువు భూసార పరీక్ష చూసి వేయండి, అవసరం లేని డీఏపీ మీ జేబుకీ నష్టమే. కాలవ ఆపినా బురదలో పాత భాస్వరం కొన్నేళ్ళు వదల్తానే ఉంటది, అందుకే చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి తీసి పొలాలకి తోలుకునే పాత పద్ధతి మళ్ళీ మొదలుపెట్టాల, చెరువులో విషానికి మేత అయ్యేది పొలంలో పైరుకి ఎరువు అవుద్ది.

పచ్చదనం కనపడితే ముందు ఫోటో తీసి తేదీ, టైము, గాలి ఎటు తోలుతుందో రాసిపెట్టుకోండి, పొద్దున పూట శుభ్రమైన సీసాలో నీళ్ళు పట్టి, ఎండ తగలకుండా చల్లగా పెట్టి, పశువుల డాక్టర్‌కీ గ్రామ సచివాలయానికీ ఇచ్చి ల్యాబ్‌కి పంపమని రాతపూర్వకంగా అడగండి. చచ్చిన పక్షి కనపడితే ముట్టుకోకుండా ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి, ఎక్కడ ఎన్ని పడున్నాయో కూడా రాసి ఇవ్వండి.